గోరంట్ల నుంచి వచ్చిన సాక్షి

పంతొమ్మిదివందల ఎనభైలో కరువు పని. నల్లమాడ దారిలో కంకర కొడుతున్న బాలప్ప దప్పికై నీళ్ళ కుండ వైపు నడిచాడు.

"ఏయ్, నిలబడు!" వెనక నుంచి మేస్త్రీ అరిచాడు.

బాలప్ప ఆగలేదు. అతనికి పుట్టుకతోనే మాట లేదు, వినికిడి లేదు.

మేస్త్రీ చేతికందిన కట్టెతో కొట్టాడు. బాలప్ప కుడిచెయ్యి విరిగింది.

అక్క రామాంజినమ్మ అతన్ని పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళింది.

"చూసినోళ్ళు ఎవురన్నా ఉండారా?" అడిగాడు ఎస్సై.

అందరూ చూశారు. కూలి పోతుందన్న భయంతో ఎవరూ రాలేదు.

"ఆ పొద్దు ఆ దారిన వస్తా నేను చూసినా సార్. చెప్తా."

గుమ్మంలో ఒక ముసలామె. ఎన్నడూ చూడని ముఖం.

"యా ఊరమ్మా?"

"గోరంట్ల."

ఎస్సై ఆమెను లోపలికి పిలిచి అంతా రాసుకున్నాడు. బయటికి రాగానే రామాంజినమ్మ నిలదీసింది.

"ముక్కూమొగం తెలీని మా కోసరం నువ్వేల వచ్చినావు? రాజీ చెయ్యమని మేస్త్రీ పంపినాడా?"

ఆమె తల వంచుకుని బస్సెక్కింది.

కోర్టులో మేస్త్రీ తరఫు వకీలు లేచాడు. "మూగవాడు సాక్ష్యం ఎలా చెబుతాడండీ?"

"సైగలతో చెప్పినా సాక్ష్యమే. చట్టం ఒప్పుకుంటుంది," అన్నాడు మేజిస్ట్రేటు. "చెప్పమనమ్మా."

అక్క సైగ చేసింది. బాలప్ప దప్పికను చూపించాడు. కుండను చూపించాడు. వెనక నుంచి పడిన దెబ్బను చూపించాడు. ఆపైన వంకరపోయిన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

రామాంజినమ్మ అతన్ని బయటికి తీసుకుపోయి నీళ్ళు తాగించింది. లోపల ముసలామె చెప్పిన సాక్ష్యం వాళ్ళు వినలేదు.

తీర్పు రోజు, బాలప్ప సైగలనూ ముసలామె సాక్ష్యాన్నీ నమ్మి మేస్త్రీకి ఏడాది జైలు వేశారు.

'నా మాట విన్నారు' అని అక్కకు సైగ చేశాడు బాలప్ప. అతని ముఖం వెలిగిపోయింది.

రామాంజినమ్మకు అప్పుడు గుర్తొచ్చింది, తాను ముసలామెను అన్న మాట. దండం పెట్టుకుందామని వెతుక్కుంటూ పోయింది.

ఆమె పోలీసు జీపు దగ్గరుంది. బేడీలు పడిన మేస్త్రీ నోటికి అన్నం ముద్ద అందిస్తోంది.

"నా మింద సాక్ష్యం చెప్పి, నాకే బువ్వ పెడ్తాండావా?" అడిగాడు మేస్త్రీ.

"ఆయప్పకు న్యాయం కావల్ల. నీకు బువ్వ కావల్ల. రెండూ నేను జేయకుంటే ఎవురు జేస్తారప్పా, నిన్ను కన్నది నేనే గదా!" అంది ఆమె.