రెండు వేళ్ల చప్పుడు

షింగ్ టీ కూజా మీద చెయ్యి వేశాడు, తీశాడు. మళ్లీ వేశాడు. కూజా కాలి కాదు, భయానికి.

ఎదురుగా కూర్చున్న మనిషి గుర్రప్పందేల పేపరులోంచి తల ఎత్తలేదు. ఎద్దు మెడ, ముంజేతి మీద డ్రాగన్ పచ్చబొట్టు. అతని తలకు సరిగ్గా పైన, కిటికీ కొక్కేనికి వెదురు పంజరం వేలాడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పిట్ట లేదు.

పిట్ట లేకపోవడానికి కారణం షింగే. మొన్న పొద్దున చేపల మార్కెట్ మూల తిరుగుతూ ఐసు బండితో ఆ పంజరాన్ని గుద్దాడు. పిట్ట తుర్రుమంది. దాని వెనకే షింగ్ కూడా, కనీసం వెనక్కి తిరిగి చూడకుండా. అది తొమ్మిదో బాబాయ్ పిట్ట అని నిన్న కబురు వచ్చాక గానీ తెలియలేదు. షామ్ షుయ్ పో పేటలో తొమ్మిదో బాబాయ్ పేరు విననివాడు లేడు, మొహం చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఆయన కాదన్నాక ఆ వీధుల్లో బండి నెట్టినవాడూ లేడు.

"రేపు ఏడింటికి టీ హోటలుకి రా. పంజరం కింద బల్ల," అన్నాడు కబురు తెచ్చినవాడు. "టీ పోసి తప్పు ఒప్పుకో. ఆయన రెండు వేళ్లతో బల్ల మీద తట్టారా, నీ టీ పుచ్చుకున్నట్టే. తట్టలేదా, నీ బండి ఇంకో పేటలో నెట్టుకో."

"ఇంకో పేటలో నన్నెవరు రానిస్తారన్నా?"

"అదే మరి."

ఆదివారం కావడంతో హోటలు కిటకిటలాడుతోంది. కుర్చీ దొరికిన చోట ఎవరైనా కూలబడతారు, అడిగేవాళ్లుండరు. అదే బల్లకి మూడో వైపు ఒక బక్క ముసలాయన కోడికాళ్లు చీకుతూ, ఎముకలు ఒక్కొక్కటే పళ్లెం అంచున పేరుస్తున్నాడు.

"తాతా, ఇంకో బల్ల చూసుకోకూడదూ?" అన్నాడు షింగ్ గొంతు తగ్గించి. "పెద్దాయనతో పనుంది."

"ఉంటే చేసుకో. నీ పనికి నా కోడికాలు అడ్డమా?" అని ముసలాయన ఖాళీ కప్పు చూపించాడు. "ఎలాగూ కూజా పట్టుకున్నావు, నాకూ ఓ చుక్క పొయ్యి."

"ఉండు తాతా. ముందు పెద్దవాళ్లకి."

"అంతేలే," అని ముసలాయన ఇంకో కాలు అందుకున్నాడు.

షింగ్ లేచి నిలబడి, రెండు చేతులా కూజా ఎత్తి డ్రాగన్ మనిషి కప్పులో పోశాడు. సగం కప్పులో పడింది, సగం బల్లగుడ్డ తాగింది.

"బాబాయ్, తప్పు నాదే. పంజరాన్ని గుద్దింది నేనే, పారిపోయిందీ నేనే. ఇద్దరు ఆడపిల్లలు నాకు. బండి నెట్టడం తప్ప ఇంకో పని రాదు. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

పేపరు దిగలేదు. దాని అంచు మాత్రం సన్నగా అదిరింది. కోపమేమో అనుకున్నాడు షింగ్. పక్కనుంచి ఆవిరి బుట్టల బండి గలగలమంటూ వెళ్లింది. ఇక అయిపోయింది, పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలో అని లెక్కలు వేసుకుంటూ ఉంటే, పేపరు వెనకనుంచి లావుపాటి చెయ్యి ఒకటి వచ్చి కప్పు పక్కన ఆనింది.

టక్ టక్.

రెండు వేళ్లు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ, టకటకా.

షింగ్‌కి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడి రొయ్యల కుడుములు తెప్పించాడు. బుట్టలో నిండుగా ఉన్నదాన్ని ఏరి ఆ మనిషి గిన్నెలో పెట్టాడు. భయం దిగగానే నోరు లేచింది.

"మీరు చల్లగా ఉండాలి బాబాయ్. అయినా నేనొక్కణ్ణే కాదు లెండి. పంజరం గడియ గట్టిదైతే పిట్ట ఎందుకు పోతుంది? ఆ గడియ బిగించిన దద్దమ్మ ఎవడో వాణ్ణి పిలిచి నిలదియ్యాలి మీరు."

పేపరు జారి కుడుముల మీద పడింది. దాని వెనక మొహం పాలిపోయి ఉంది. మీసాల మీదనుంచి చెమట కారుతోంది.

"నోరు ముయ్యి బాబూ, నీకు పుణ్యం ఉంటుంది," అన్నాడు ఆ మనిషి, పెదవులు కదిలీ కదలకుండా. "ఆ గడియ బిగించింది నేనే. నన్నూ ఏడింటికే రమ్మన్నారు."

షింగ్ బల్ల మీది ఆ చేతికేసి చూశాడు. "మరి... వేళ్లు తట్టారు కదా?"

"తట్టలేదు. వచ్చినప్పటినుంచీ వణుకుతూనే ఉన్నాయి. టీ పొయ్యడానికి ఇంకా చెయ్యే రాలేదు నాకు."

మాట షింగ్‌తోనే అంటున్నా, అతని చూపు షింగ్ మీద లేదు. బల్లకి మూడో వైపు ఉంది.

ముసలాయన ఆఖరి ఎముక పళ్లెం అంచున పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. తల పైకెత్తి ఖాళీ పంజరాన్ని కాసేపు చూసి, ఖాళీ కప్పుని మెల్లగా బల్ల మధ్యకి తోశాడు.

"పెద్దవాళ్లకి పొయ్యడం అయిందా నాయనా? ఇప్పుడు నాకు పోస్తావా?"