గులాబీ రంగు స్లిప్పు

మ్యూజియంలో పాత పత్రాల గదికి ఒకటే నియమం: పెట్టెలోంచి ఉత్తరం తీస్తే, దాని చోట మన పేరు రాసిన గులాబీ రంగు స్లిప్పు పెట్టాలి. పెళ్ళయిన మూడో వారం, వాలంటీరుగా చేరిన రెండో వారం, నేనది మరిచిపోయాను. స్కాన్ చేసిన ఉత్తరం చేతిలో ఉంది. రెండు వందల పెట్టెల్లో అది ఏ పెట్టెదో గుర్తు లేదు. పొద్దున్నే తనిఖీ. తేలకపోతే నన్ను ఇక రానివ్వరు.

చీకటి పడ్డాక మా ఆయన్ని గేటు దగ్గర స్కూటరు మీద కూర్చోబెట్టి, ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

చివరి వరుసలో ఒక పెట్టెలోంచి గులాబీ రంగు అంచు తొంగిచూస్తోంది. స్లిప్పు. దాని మీద నా పేరు, నేను ఉత్తరం తీసిన సమయం. దస్తూరీ మాత్రం నాది కాదు.

ఆ గది చూసుకునే మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఈ స్లిప్పు మీరు పెట్టారా?"

"నేను సెలవులో ఉన్నాగా తల్లీ! తాళంచెవి నీ దగ్గరేగా? కొత్త పెళ్ళికూతురివి, నువ్వే పెట్టి మర్చిపోయుంటావు."

ఉత్తరం ఆ పెట్టెలో చక్కగా అమరిపోయింది. గుండెల మీంచి బండ దిగింది. భయపడాలన్న సంగతే మరిచి, "చాలా థాంక్సండీ!" అన్నాను ఖాళీ వరుసల వైపు తిరిగి. లైటు ఆర్పి, తాళం వేసి, పరుగెత్తుకొచ్చాను.

"దొరికిందా? లైటు ఆర్పడం మర్చిపోయావోయ్," అన్నారు మా ఆయన, కిటికీ చూపిస్తూ.

స్కూటరెక్కి ఆయన నడుం గట్టిగా పట్టుకున్నాను.

"ఉండనివ్వండి. వాళ్ళకింకా పనుందేమో."