యజమాని చెయ్యి

తెల్లారకముందే ఎల్లమంద పోయాడు. ఆఖరి స్నానానికి వేడినీళ్లు కావాలి. అపార్టుమెంట్లలో నిప్పు రాజెయ్యడం నిషేధించి ఏళ్లయింది. గీజరేమో లోపల ఉప్పు గడ్డకట్టి ఆగిపోయింది. కూతురు సుభాషిణి దాన్ని విప్పి, ఉప్పంతా గీకి, మళ్లీ బిగించింది.

"సర్వీసు ముగించి మళ్లీ పనిచెయ్యడానికి యజమాని అరచెయ్యి ఆనించండి," అంది గీజరు.

తల్లీ కూతుళ్లు శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బాత్రూములోకి మోసుకొచ్చి, చెయ్యి ఆనించారు.

"చెయ్యి చల్లగా ఉంది. మళ్లీ ప్రయత్నించండి."

తల్లి అంకమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఊదుతూ, రుద్దుతూ కూర్చుంది. చాలాసేపటికి పచ్చదీపం వెలిగింది.

"సర్వీసు పూర్తయింది. శుభోదయం, ఎల్లమంద గారూ!"

బకెట్లో నీళ్లు పొగలు కక్కుతున్నాయి.

"చన్నీళ్లు కలపవే," అంది అంకమ్మ, ఆ చెయ్యి వదలకుండానే. "మీ నాయన అంత వేడి ఓర్వలేడు."