నూకాలు మింగిన ముక్క

వెలుతురు కూడా దిగడానికి బద్ధకించే సముద్రపు అడుగున నూకాలు అనే పెద్ద స్క్విడ్, అంటే పది చేతుల మెత్తటి సముద్ర జీవి, ఉండేది. దాని గొంతు మెదడు మధ్యలోంచి పోతుంది కాబట్టి ఏం తిన్నా కాసేపు బుర్రంతా ఆ ధ్యాసే.

ఒకనాడు ఆకలి మీద ఉండగా చీకట్లో ఏదో తగిలింది. పట్టుకుని చివర ఓ ముక్క కొరికి మింగింది.

"అయ్యో, నేను తిండిని కాదు, పెళ్ళికొడుకుని!" అన్నాడొక మగ స్క్విడ్.

"దొరికినవాళ్ళంతా అదే అంటారు," అంది నూకాలు.

అంతలో ఆ ముక్క మెదడు దాటుతుంటే, తోడు కోసం వాడు ఒంటరిగా ఈదిన నల్లటి నీళ్ళన్నీ నూకాలు తలలో కలలా పారాయి. అది పట్టు సడలించింది. వాడు తన బీజాన్ని దాని చేతి చర్మం కింద దాచి, సెలవైనా అడక్కుండా పారిపోయాడు.

మొగుణ్ణి ఒంటికి అతికించుకుని తిరిగే పొరుగింటి దీపం చేప అడిగింది. "మీ ఆయనేడీ వదినా?"

"మావాడింకా తల్లోంచి దిగలేదమ్మా," అంది నూకాలు.