ఇనుప బాట

"పుస్తకం ఇటియ్యి. చూసి చెప్తే ఎవలకైనా వస్తది," అంటూ మత్తయ్య మనవరాలి చేతిలోని జర్మన్ పుస్తకం లాక్కొని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇగ చెప్పు. రైలుమార్గాన్ని ఏమంటరు?"

జెన్నిఫర్ కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. "ఐజెన్... ఐజెన్‌బన్."

"బాన్, బిడ్డా! జర సాగదియ్యి."

తొండుపల్లి ఇళ్ల మీదుగా విమానం దిగుతోంది. ఆ మోత తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. ఊరి పక్కనున్న ఎయిర్‌పోర్టులోనే జెన్నిఫర్‌ది కాంట్రాక్టు కొలువు. జర్మన్ పరీక్ష పాసైతే ప్రయాణికులకు సాయం చేసే కౌంటర్లో పర్మినెంట్ అవుతుంది. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఉన్న కొలువు కూడా ఊడుతుంది.

"ఐజెన్ అంటే ఇనుము, బాన్ అంటే బాట. ఇంజన్లు రాకముందే, గనులల్ల గుర్రాలు బండ్లు గుంజేటప్పుడే పుట్టిందంట ఆ మాట. మొన్న నువ్వే చదివినవ్ గద, మర్షిపోయినవా?"

"నీకెట్ల గుర్తుంటయి తాతా ఇవన్నీ?"

"ముప్పై ఏండ్లు ఆ బాట మీదనే నడిస్తి. మనోళ్లు రైలును చూసి పేరు పెట్టిన్రు. వాళ్లు పట్టాలను చూసి పెట్టిన్రు. పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌ను యాది చేసుకున్నోళ్లు వాళ్లొక్కలే!"

ఒకప్పుడు పట్టా మీద సుత్తె వేసి, ఆ చప్పుడును బట్టే ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేవాడు మత్తయ్య. ఇప్పుడు మనవరాలి మాటల్లో వదులు పట్టుకుంటున్నాడు. కొత్త పాఠం ఏదైనా రెండుసార్లు గట్టిగా చదివిస్తాడు. మూడోసారి తప్పితే మాత్రం ఊరుకోడు. పంతుళ్లు కూడా ఇంతగా సతాయించరని జెన్నిఫర్ సణుగుతుంది. అయినా పొద్దున లేవగానే ఆయన మంచం దగ్గరికే వస్తుంది. ఆయనంటే అంత ప్రాణం.

నెల తిరిగేసరికి పరీక్ష ఫలితం వచ్చింది. జెన్నిఫర్ వాకిట్లోంచే కేక పెట్టింది.

"తాతా, పాసైన! వందకు ఎనభై ఎనిమిది!"

"కడమ పన్నెండు యాడ పోగొట్టినవ్?" అన్నాడు మత్తయ్య, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె నవ్వింది. వారం తర్వాత కొలువు కాగితాలు తెచ్చి ఆయన ముందు పరిచింది. "హామీకి ఇంటి పెద్ద సంతకం కావాలంట. నాయిన పెడతనన్నడు, నేనే వద్దన్న. నాకు నేర్పింది నువ్వు. నువ్వే పెట్టాలె."

మత్తయ్య మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. చేతులు రెండూ పంచెకు శుభ్రంగా తుడుచుకున్నాడు.

మనవరాలు తెచ్చిన సిరాలో ఎడమ బొటనవేలు అద్దాడు.