కంచె పక్కన కుర్చీ

"ఈయన అక్కడ కూర్చున్నంత కాలం ఆ చెట్టు పోదు, మనకి సోలార్ రాదు" అంది తన్మయి తెలుగులో, కంచె అవతలి శంకర్ అంకుల్ మొహంలోకి చూసి నవ్వుతూనే.

ఆయనా నవ్వాడు.

"పానాస్ లా" అన్నాడు నుదుటి చెమట తుడుచుకుంటూ. ఎండ మండిపోతోందని.

పక్కనున్న మొగుడు ప్రణీత్ ఆమె మోచెయ్యి గిల్లాడు. తన్మయి లెక్కచెయ్యలేదు. విజయవాడ వదిలి మలేషియా వచ్చి, సుంగై పెటానిలో ఇల్లు కొనుక్కున్నాక ఆమెకు దొరికిన పెద్ద సుఖం అదొక్కటే. ఆ వీధిలో ఎవరి ముందు ఏమన్నా ఎవరికీ అర్థం కాదు. శంకర్ అంకుల్ కూరగాయల వ్యానువాడితో తమిళం మాట్లాడతాడు. వీళ్లతో ఇంగ్లీషు, మలయ్ కలిపి రెండు ముక్కలు. ఇంకేం భయం?

ఆయన కుర్చీ ఎప్పుడూ కంచె పక్కనే, రంబుటాన్ చెట్టు కింద, వీళ్లింటి వైపు తిరిగే ఉండేది. వేరే చోటే దొరకలేదా ఈయనకి అని ఆమె రోజుకోసారైనా విసుక్కునేది. అదీ ఆయన ముందే.

ఇల్లు పాతది. వెనకవైపు పడకగది మధ్యాహ్నానికి పెనంలా కాలిపోయేది. తన్మయికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డని ఆ గదిలో ఎలా పడుకోబెట్టాలా అన్నదే ఆమె దిగులు. పగలంతా ఏసీ వేస్తే కరెంటు బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. అందుకని మొగుడూ పెళ్లాలు కూర్చుని ప్లాను వేశారు. గది కప్పు కింద వేడిని ఆపే పరుపులు వేయించాలి, కప్పు మీద సోలార్ పలకలు పెట్టించాలి.

సోలార్ మనిషి వచ్చి చూసి పెదవి విరిచాడు. వెనకవైపు కప్పు పాతబడిపోయింది, ఆ బరువు మోయలేదు. ముందువైపు గట్టిదే కానీ, దాని మీద రోజంతా రంబుటాన్ చెట్టు నీడ.

నీడ కావలసిన చోట ఎండ, ఎండ కావలసిన చోట నీడ. ఇంటికి కూడా వీళ్లంటే అలుసే.

చెట్టు సంగతి అంకుల్‌ని అడిగి చూద్దామంది తన్మయి. ప్రణీత్ ససేమిరా అన్నాడు. భార్య పోయిన మనిషి, ఉన్న ఆ కాస్త నీడనీ ఏ మొహం పెట్టుకుని అడుగుతామన్నాడు. నిజమేనని ఆమెకూ తెలుసు. అయినా కంచె దగ్గర నిలబడి ఏడ్చేసింది.

"నా సంగతి వదిలెయ్. పసిబిడ్డ ఆ గదిలో ఎలా పడుకుంటుంది ప్రణీత్?"

శంకర్ అంకుల్ లేచి లోపలికి వెళ్లిపోయాడు. పరాయివాళ్ల గొడవ చూడలేకపోయాడు కాబోలు అనుకుంది.

నిజానికి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమెకు చిన్న చిన్న అదృష్టాలు కలిసొస్తూనే ఉన్నాయి. వెనక కాలువ మూసుకుపోయి నీళ్లు నిలుస్తున్నాయని పెరట్లో తిరుగుతూ అమ్మకి ఫోన్లో మొర పెట్టుకుంది. మర్నాటికి కాలువ శుభ్రంగా ఉంది. మునిసిపాలిటీ వాళ్లు మంచివాళ్లే అనుకుంది. ఇంకోసారి గోంగూర మీదికి మనసు పోతోందని చెప్పుకుంది. సాయంత్రానికి గేటుకి గోంగూర కట్ట వేలాడుతోంది. అంకుల్ పెరట్లో ఎక్కువ కాసినట్టుంది, అందరికీ పంచుతున్నాడనుకుని పప్పులో వేసుకుంది.

ఆమె కంచె దగ్గర ఏడ్చిన వారమే రంపం మోత వినబడింది. వెళ్లి చూస్తే చెట్టు లేదు.

"ముసలి చెట్టు. చీమలు ఎక్కువ" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. కుర్చీ మాత్రం అక్కడే ఉంది. ఎండకి గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

తన్మయి దేవుడికి దండం పెట్టుకుంది. పలకలు ఎక్కాయి, పరుపులు పడ్డాయి, పాప పుట్టింది. నడిమధ్యాహ్నం ఆ గదిలో పాప అరచేతులు విప్పుకుని నిద్రపోతుంటే ఆమెకి కడుపు నిండిపోయేది. ఆ చల్లదనం అంకుల్ పుణ్యమే. చీమల కోసం కొట్టించాడో దేనికోసం కొట్టించాడో, మేలు జరిగింది తన బిడ్డకి. పాపని చూపించి ఆయనకి నోరారా కృతజ్ఞతలు చెప్పుకోవాలనుకుంది.

కానీ కుర్చీ ఖాళీగా ఉంది. పాప పుట్టకముందే ఆయన బాగన్ దాతుక్‌లో కూతురి దగ్గరికి వెళ్లాడన్నారు.

ఒకరోజు పక్కింటి తలుపు తెరిచి ఉండటం కనబడింది. తన్మయి గబగబా పరమాన్నం గిన్నె పట్టుకుని, పాపని ఎత్తుకుని వెళ్లింది. లోపల సామాన్లు సర్దుతున్నది ఆయన కూతురు యోగేశ్వరి. నాన్న పోయినెలలో పోయాడని ఇంగ్లీషులో చెప్పింది.

తన్మయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెట్టు పడిన రోజే కంచె దాటి వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఆ చెప్పాల్సిన మాటేదో కూతురితోనే చెప్పుకుంది. ఆ చెట్టు పోబట్టే మా పాప చల్లగా నిద్రపోతోంది, మీ నాన్నగారి మేలు మర్చిపోలేమంది.

యోగేశ్వరి పాప చెంప నిమిరింది.

"మా అమ్మ నాటిన చెట్టు అది. ఎందుకు కొట్టించావని కోప్పడ్డాను. పసిబిడ్డ చల్లగా పడుకోవాలి కదా అన్నాడు."

"ఆయనకి మేం చెప్పనేలేదే" అంది తన్మయి. "మా ఆయనతో అన్నానంతే. అదీ మా భాషలో."

యోగేశ్వరి ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఇంగ్లీషు పక్కనపెట్టి, నాన్న ఫోన్లో తనతో అన్న మాటల్ని ఆయన యాసలోనే, ఒక్కొక్కటే కూడదీసుకుంటూ అప్పజెప్పింది.

"పక్కింటి పిల్ల మాటలు ఇంటుంటే మీ యమ్మ ఉన్నట్టే ఉంటాదే. నాకు తెలుగొచ్చని ఆళ్లకి సెప్పకు, సిగ్గుపడి మాటాడ్డం మానేస్తారు."