రెండు చీటీల్లో ఒకటి

"వదినా, మీ ఇంటికి రెండు చీటీలిచ్చాను. లెక్కింపులో ఒకటే వచ్చింది," అన్నాడు విదాద్ మరిది నసీఫ్, గుమ్మంలోనే నిలబడి.

లెబనాన్ కొండల్లోని ఆ ఊళ్లో మునిసిపల్ ఎన్నికలకి పార్టీవాళ్లు అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చేసి పంచుతారు. ఆ చీటీనే ఓటుగా పెట్టెలో వేయొచ్చు, లేదా నచ్చిన పేర్లు సొంతంగా రాసి వేయొచ్చు. ఒక్కో ఇంటికిచ్చే చీటీల్లో పేర్లు ఒక్కో వరుసలో ఉంటాయి. లెక్కింపులో పైకి చదువుతుంటే ఎవరింటి చీటీ పడిందో, ఎవరిది పడలేదో తెలిసిపోతుంది.

ముప్పై ఏళ్లుగా విదాద్ ఏ పార్టీ చీటీ వేయదని ఊరందరికీ తెలుసు. ఈ పార్టీలో ఇద్దరు, ఆ పార్టీలో ముగ్గురు, మంచివాళ్లనిపించినవాళ్ల పేర్లు తన చేత్తో రాసి వేసేది.

"నీ సంగతి మాకు కొత్త కాదులే. కానీ అన్నయ్య మందులు మా పార్టీ క్లినిక్ నుంచే వస్తున్నాయి. అదైనా చూసుకోవాల్సింది," అన్నాడు నసీఫ్.

"అవును, సొంతంగా రాసింది నేనే. ఆయన్ని ఇందులోకి లాగకు," అంది విదాద్.

నసీఫ్ వెళ్లిపోయాడు. ఆమె భర్త జిర్జిస్ కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ అతను పార్టీ మనిషి.

"అబద్ధమెందుకాడావు? రాసింది నేను," అన్నాడు. "ఒక్కసారైనా నీ పక్కన నిలబడదామనుకున్నాను."

"మీ మందులు ఆగిపోతాయని భయమేసింది. వాడిచ్చిన చీటీయే వేశాను."

"అయితే ఇవాళ మన ఇంట్లో పార్టీ మనిషివి నువ్వే," అన్నాడతను, ఆమెను నవ్వించాలని.

విదాద్ నవ్వలేకపోయింది.